మా అత్త బొంబాయి చూసిన రోజు

మా అలివేలుమంగత్త జీవితంలో ఒకే ఒక్కసారి బొంబాయి చూసింది. అదీ ఒక్క పగలే. ఆ పగటి గురించి మా మామ ఇంద్రసేనయ్య రెండేళ్లపాటు ఆదోనిలో ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఊరించి ఊరించి చెప్పాడు. అత్త మాత్రం నోరు విప్పలేదు. నాకు చెప్పింది కూడా చాలా ఏళ్ల తర్వాత, మామ పోయిన మరుసటి సంవత్సరం. ఎమ్మిగనూరులో మా ఇంటి వంటగదిలో చేటలో కందిపప్పు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

ఆమె మా నాన్నకు చెల్లెలు. ఎమ్మిగనూరులో మాకు నూలు అంగడి ఉండేది. పదిహేనో ఏట ఆమెను ఆదోనికి ఇచ్చారు. మామది పత్తి మండీ. రైతులు బండ్ల మీద తెచ్చిన పత్తిని కొని, జిన్నింగు మిల్లులో గింజ తీయించి బొంబాయికి పంపేవాడు. మనిషి పొడగరి. నల్ల టోపీ, మోకాళ్ల దాకా వచ్చే తెల్ల కోటు. ఆయన మండీలో కేకేస్తే వీధి చివర బండి ఎద్దులు చెవులు నిక్కించేవి.

అత్త పిరికిది. ఆ మాట నేను అనడం లేదు, ఆమే అనేది. "నాకు పుట్టినకాడి నుంచి బయమే సిన్నమ్మీ. కుక్కంటే బయం, ఉరుమంటే బయం, మీ మామ గొంతంటే బయం."

ఆ రోజుల్లో ఆదోనిలో పెద్ద వర్తకుల ఇళ్ల ఆడవాళ్లు బజారులో కాలు పెట్టేవాళ్లు కారు. గుడికి పోయినా, పేరంటానికి పోయినా గుర్రపు బండి, దానికి ముందూ వెనకా తెర. పద్దెనిమిదేళ్ల కాపురంలో అత్త ఆదోని బజారును తెర సందులోంచి చూసిందే తప్ప ఆ రాళ్ల మీద నడిచి ఎరగదు.

సముద్రం చూడాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి నోరు జారి ఆ మాట మామతో అన్నది. ఆయన "సూపిస్తాలే" అన్నాడు. అన్నవాడు పదిహేడేళ్లు మరిచిపోయి, యాభై ఆరు జనవరిలో ఉన్నట్టుండి గుర్తు తెచ్చుకున్నాడు. బొంబాయి దళారీతో ఏదో మాట్లాడే పని పడింది. పిల్లలిద్దరినీ తెచ్చి ఎమ్మిగనూరులో మా అమ్మ దగ్గర వదిలి, భార్యాభర్తలు ఆదోనిలో బొంబాయి మెయిలు ఎక్కారు. నాకప్పుడు పదకొండేళ్లు. అత్త బస్సు మెట్టు మీద నిలబడి మా వైపు తిరిగి తిరిగి చూడడం నాకు బాగా జ్ఞాపకం. ఊరు చూడబోయే మనిషి ముఖంలా లేదది.

బొంబాయిలో దళారీ వాళ్లను భూలేశ్వరం దగ్గర ఒక ధర్మశాలలో దించాడు. రెండో అంతస్తులో చిన్న గది. కింద ఇత్తడి పాత్రల అంగడి. ఎదురుగా ఎత్తైన గోడ, గోడ అవతల ఎక్కడ చూసినా ఆవులే. ముసలి ఆవులనూ కుంటి ఆవులనూ సాకే పెద్ద ఆవరణ అది. పొద్దున్నే ఆడవాళ్లు గడ్డి మోపులు కొని ఆవులకు వేసి పోతుండేవాళ్లు. ఆ మహానగరంలో అత్తకు పరిచయమైనట్టు అనిపించినది ఆ పేడ వాసన ఒక్కటే. మొదటి రెండు రోజులూ మామ పనుల మీద తిరిగాడు. అత్త తలుపు గడియ వేసుకుని కిటికీలోంచి ఆవులను చూస్తూ కూర్చుంది.

మూడో రోజు పొద్దున దళారీ మనిషి వచ్చి, ఇవాళ బయటికి పోవద్దని చెప్పాడు. బొంబాయి ఏ రాష్ట్రానికి చెందాలన్న గొడవ అప్పుడు ముదిరి ఉంది. నగరాన్ని మరాఠీ రాష్ట్రంలో కలపడం లేదని ఢిల్లీ నుంచి కబురు వచ్చిందనీ, మరాఠీవాళ్లు మండిపోతున్నారనీ, ఎక్కడెక్కడో రాళ్లు పడుతున్నాయనీ అన్నాడు.

మామ నవ్వాడు. "మేము బళ్లారి గొడవ సూసినోళ్లం. మూడేండ్ల కిందటిదాకా మాది బళ్లారి జిల్లానే. అది కన్నడమోళ్లకా తెలుగోళ్లకా అని ఎన్ని ఊరేగింపులు, ఎన్ని రాళ్లు! నేనేమన్నా ఇంట్లో కూసున్నానా?"

ఆయన ఇంట్లోనే కూర్చున్న సంగతి అత్తకు తెలుసు.

దళారీ మనిషి వెళ్లిపోయాక మామ టోపీ పెట్టుకున్నాడు. "లెయ్. సముద్రం సూపిస్తా."

"బండి వస్తాదా?" అని అడిగింది అత్త.

"బండి ఎందుకు? నడిసే పోదాం. ఈడ మనల్ని ఎవురు ఎరుగుదురు?"

ఆ మాటకు అత్తకు కొంత భయం, కొంత ఇంకేదో. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన ముదురాకుపచ్చ చీర కట్టుకుంది. చెప్పులు తొడుక్కుని, భర్త వెనక నాలుగడుగుల దూరంలో మెట్లు దిగింది.

పొద్దున అంతా బాగానే జరిగింది. ముంబాదేవి గుడిలో దండం పెట్టుకున్నారు. ఇరుకు సందుల్లోంచి నడిచారు. గాజుల అంగళ్లు, పూల బుట్టలు, తలకు మించిన బరువు మోసుకుంటూ అరుస్తూ పోయే హమాలీలు. మామ వేలెత్తి ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. అత్త మాత్రం ఎదురొచ్చే మనుషులను తప్పుకోవడంతోనే సతమతమవుతోంది. నడిచే దారిలో ఇంతమంది మగవాళ్ల భుజాలు తన భుజానికి ఇంత దగ్గరగా రావడం ఆమెకు అదే మొదలు. ట్రాము వచ్చినప్పుడల్లా గోడకు అంటుకుని నిలబడేది. ఒకచోట మామ ఆగి, "ఏమది, బల్లి మాదిరి?" అని నవ్వాడు. నవ్వి, వెనక్కు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వీధిలో, పట్టపగలు, నలుగురి ముందు. అత్త సిగ్గుతో తల వంచుకుంది. కానీ చేయి విడిపించుకోలేదు.

సముద్రం చూశారు. చౌపాటీ ఇసుక మీద జనం లేరు. అలలు వచ్చి పాదాలు తడిపితే అత్త చిన్నగా అరిచింది. నీళ్లు ఇసుకను లాక్కుపోతుంటే కాళ్ల కింద నేల జారిపోతున్నట్టయింది. రెండు చేతులతో నీళ్లు తలమీద చల్లుకుంది. సెలవు దినం కాకపోయినా పల్లీలు అమ్మేవాడు కూడా లేడేమిటని మామ ఆశ్చర్యపోయాడు. అంతకుమించి ఆలోచించలేదు.

తిరుగు దారిలో గిర్గాం వీధికి వచ్చేసరికి అత్త అడుగు నెమ్మదించింది. పొద్దున దాటి వచ్చిన వీధే. ఇప్పుడు అంగళ్ల ఇనుప తలుపులన్నీ కిందికి దించి ఉన్నాయి. నడివీధిలో ట్రాము ఒకటి ఆగి ఉంది. లోపల మనుషులు లేరు, అద్దాలు పగిలి ఉన్నాయి. మేడల మీది చెక్క వసారాల్లో ఆడవాళ్లు వరుసగా నిలబడి ఒక్క మాటా లేకుండా కిందికి చూస్తున్నారు. ఆ మౌనమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"బిన్నా రాండి, ఎనక్కి పోదాం," అంది.

"ఎనక్కంటే సముద్రమే," అన్నాడు మామ. నవ్వలేదు. ఆమె మణికట్టు మీద ఆయన పట్టు బిగిసింది.

సందులోంచి పది పన్నెండు మంది యువకులు వచ్చారు. ఒకడు మామను ఏదో అడిగాడు మరాఠీలో. మామకు మరాఠీ రాదు. బొంబాయి దళారీల దగ్గర నేర్చుకున్న గుజరాతీ నాలుగు ముక్కలు వచ్చు. ఆదోనిలో ఆ నాలుగు ముక్కలూ మాట్లాడి గొప్పలు పోయేవాడు. ఆ అలవాటుతోనో, కంగారుతోనో, ఆ గుజరాతీలోనే జవాబిచ్చాడు. ఆ గొడవలో ఆ పూట గుజరాతీ వర్తకులంటే ఆ కుర్రవాళ్లకు మండుతోందన్న ఆలోచన ఆయనకు తట్టలేదు.

ముఖాలు మారాయి. నల్ల టోపీ, పొడుగు కోటు చూసి ఎవడో "శేఠ్!" అన్నాడు. ఇంకొకడు టోపీ లాగి వీధిలోకి విసిరాడు. మామ ఏదో చెప్పబోయాడు. గొంతు రాలేదు. ఆ గొంతు పెగలకపోవడం అత్త పద్దెనిమిదేళ్లలో మొదటిసారి చూసింది.

వీధి చివర పెద్ద చప్పుడయింది. పోలీసులు. పొగ గుండ్లు వచ్చి రాళ్ల మీద దొర్లాయి. తెల్లని పొగ. అందరూ ఒకేసారి పరుగు లంకించుకున్నారు. ఆ తర్వాత జరిగింది అత్త నాకు మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరి చెప్పింది.

"మీ మామ నా మణికట్టు పట్టుకోనే ఉండె. జనం తోసినారని ఊరంతా సెప్పినాడు గదా, అప్పటికి జనం మా దాపుకే రాలేదమ్మీ. ఆయనే ఇడిసినాడు. ఇదిలించి ఇడిసినాడు. నేను ఆయన మొహం సూసినాను. ఆయనా నన్ను సూసినాడు. సూసి, అట్ల తిరుక్కొని పరిగెత్తినాడు."

అత్త నిలబడిపోయింది. కళ్లలో కారం కొట్టినట్టు మంట. ఊపిరి ఆడలేదు. ఎవరో ఆమెను గుద్దుకుని పోయారు, ఒక రాయి వచ్చి భుజానికి తగిలింది. నొప్పి తెలియలేదు. కాళ్లు ఎటు కదలాలో తెలియలేదు. తనకు ఈ వీధి పేరు తెలియదు, ధర్మశాల పేరు తెలియదు, ఈ ఊళ్లో ఒక్క మనిషి పేరు తెలియదు. ఆ క్షణాన దబ్బున కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు కుక్క ఎదురైనప్పుడు అలాగే చేసేది.

అప్పుడెవరో ఆమె జబ్బ పట్టి గట్టిగా లాగారు. చీకటి ద్వారం, చెక్క మెట్లు, పైన పొడుగాటి వసారా. వెనకే తలుపు మూసి అడ్డకర్ర వేసిన చప్పుడు. కళ్లు తెరిస్తే ఎదురుగా ముప్ఫై ఐదేళ్ల ఆడమనిషి. మోకాళ్ల మీదికి బిగించి కట్టిన గోచీ చీర, నుదుట కాసంత బొట్టు, రొప్పుతున్న రొమ్ము. ఆమె పేరు ద్వారకాబాయి అని తర్వాత తెలిసింది.

ఒక గది, ఒక పొయ్యి, మూలన మంచం మీద ఒక ముసలామె. ద్వారకాబాయి తడిగుడ్డతో అత్త కళ్లు తుడిచి, అడిగింది. మరాఠీలో ఒకసారి, వచ్చీరాని హిందూస్తానీలో మరొకసారి. నువ్వెవరు? ఎవరివాళ్లవు?

ఆదోనిలో గాజులమ్మే సాయెబుల దగ్గరా, కూరగాయలామె దగ్గరా విన్న ఉర్దూ ముక్కలతో అత్తకు ప్రశ్న అర్థమైంది. బళ్లారిలో ఆమె పినతండ్రి కొడుక్కు అంగడి ఉండేది. గొడవల్లో ఎవరో వచ్చి అతన్ని ఇదే అడిగారు, నువ్వు ఎవరివాడివి అని. అతను తెలుగు అన్నాడు. అంగడి పలక మీద తారు పూసిపోయారు. ఇంకో వీధిలో ఇంకొకరు కన్నడం అన్నందుకు వాళ్ల పలక విరిచారు. ఈ గదిలో ఏ మాట చెబితే బతుకుతుంది, ఏ మాట చెబితే మళ్లీ ఆ మెట్ల కిందికి తోస్తారు?

"ఆదోని," అంది చివరకు.

ద్వారకాబాయికి ఆ పేరు తెలియదు. తన అత్తగారి వైపు చూసింది. మంచం మీది ముసలామె కళ్లు చికిలించి, అత్త పైట ఏ భుజం మీద ఉందో, కుచ్చిళ్లు ఎలా దోపుకుందో కాసేపు చూసి, గుజరాతీ కట్టు కాదన్నట్టు ఏదో అంది. ద్వారకాబాయి ముఖం తేటపడింది. "మద్రాసీ?"

అత్త తల ఊపింది. మేము మద్రాసు వాళ్లమేమీ కాదు. ఆ పూటకు అయ్యాము.

ఆ గదిలో ఆమె ఎంతసేపు ఉందో చెప్పలేకపోయింది. కిటికీ తలుపులు మూసే ఉన్నాయి. సందులోంచి వెలుతురు గీత ఒకటి నేలమీద మెల్లగా పక్కకు జరిగింది. బయట కేకలు దగ్గరయ్యేవి, దూరమయ్యేవి. ఒక్కోసారి తుపాకి చప్పుడు. అది తుపాకి అని అత్తకు ముందు తెలియలేదు, ఎవరో పెద్ద గుడ్డ చించుతున్నారనుకుంది. కానీ ఆ చప్పుడు విన్న ప్రతిసారీ ద్వారకాబాయి చేతిలో ఉన్నది కింద పెట్టి వసారాలోకి పరిగెత్తేది. కటకటాలు పట్టుకుని వీధి ఈ చివరా ఆ చివరా చూసేది. మళ్లీ లోపలికి వచ్చి, అదే పనిగా అదే గిన్నె తోమేది.

ఆమె భర్త పొద్దున పనికి పోయి తిరిగి రాలేదు. అచ్చాఫీసులో పని. అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చడాన్ని వేళ్లతో నేలమీద చూపించింది. మధ్యాహ్నం తిండికి ఇంటికి వచ్చే మనిషట. మూడోసారి వసారాలోంచి వచ్చినప్పుడు ఆమె పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అత్త తనకు తెలియకుండానే లేచి, ఆమె చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఇద్దరికీ ఆకలి లేకపోయినా ద్వారకాబాయి జొన్నరొట్టె విరిచి పెట్టింది, పక్కన పల్లీల కారం. మన ఇంటి రొట్టే. వాసన కూడా అదే. ఆ మొదటి తునక నోట్లో పెట్టుకున్నాక అత్తకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడే ఇంకొక సంగతి తట్టి, నమలడం ఆగిపోయింది.

"ఆయమ్మ అన్నిసార్లు మొగుని కోసరం పరిగెత్తె. నేను ఆడ కూసున్న కాడి నుంచి మీ మామ ఏమైనాడని ఒక్కసారి గూడా అనుకోలేదమ్మీ. నన్ను ఈ గదిలో నుంచి ఎల్లగొట్టకుంటే సాలు అనుకుంటాంటి, అంతే. అది తెలిసినాక నా మింద నాకే బయమేసె."

సాయంత్రం అవుతుండగా కింద వీధిలో ఎవరో కేక వేసుకుంటూ పోయారు. కర్ఫ్యూ అన్న మాట అత్తకు తెలియదు. చీకటి పడితే బయట కనిపించినవాళ్లను కాలుస్తారని ద్వారకాబాయి సైగలు చేసి చెప్పింది. నీ ఇల్లు ఎక్కడ అని అడిగింది.

ఎక్కడ? కింద ఇత్తడి అంగడి అని చెప్పాలంటే ఇత్తడికి ఉర్దూ మాట రాదు. అత్త చేతులు రెండూ తలమీద కొమ్ముల్లా పెట్టింది. "గాయ్," అంది. "గాయ్, గాయ్, గాయ్." చేతులు చాపి, ఎన్నో ఆవులని చూపించింది. పెద్ద గోడను చూపించింది. మంచం మీది ముసలామె ఆ భయంలోనూ ఫక్కున నవ్వింది. ద్వారకాబాయికి అర్థమైంది. "పాంజరాపోళ్!" అంది. ఆ ఆవుల ఆవరణ పేరు అదట.

దగ్గరే. పావుగంట నడక. కానీ ఆ పావుగంటే కష్టం. ముసలామె వద్దన్నట్టు ఏదో గొణిగింది. ద్వారకాబాయి ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడింది. భర్త వస్తే తాను ఇంట్లో ఉండదు, పోకపోతే ఈ పరాయి మనిషి ఎట్లా పోతుంది. ఆ రెంటి మధ్యా ఆమె కొట్టుకోవడం అత్త కళ్లారా చూసింది. "నువ్వు రావద్దు, దారి సూపిస్తే సాలు" అని అనాల్సింది. అనలేదు. రావాలని, తప్పకుండా రావాలని లోపల దండాలు పెట్టుకుంది.

ద్వారకాబాయి చెంగు బిగించి మెట్లు దిగింది.

వీధి గుర్తు పట్టేలా లేదు. ట్రాము సగం కాలి పొగలు కక్కుతోంది. రాళ్లు, గాజు పెంకులు, అన్నిటికంటే ఎక్కువగా చెప్పులు. పరిగెత్తినవాళ్ల కాళ్ల నుంచి జారిపోయిన చెప్పులు వీధి పొడవునా, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి. ఒకచోట రాళ్ల మీద నల్లగా మరక ఉంది. దాని మీద ఎవరో మట్టి పోశారు. ఇద్దరూ గోడ వారగా నడుస్తున్నారు. కాలవలో నల్ల టోపీ కనిపించింది అత్తకు. వంగి తీసి వాసన చూసింది. మామ తలకు రాసుకునే నూనె వాసన ఆమెకు తెలుసు. ఇది వేరే నూనె. వేరే ఎవరి టోపీనో. మెల్లగా దాన్ని గోడ మీద పెట్టింది.

మలుపులో పోలీసులు లాఠీలు అడ్డం పెట్టారు. ద్వారకాబాయి గట్టిగా మాట్లాడింది. మాట్లాడుతూ అత్త భుజం చుట్టూ చేయి వేసింది. "బహీణ్" అన్న మాట ఒక్కటే అత్తకు అర్థమైంది. చెల్లెలు అని. లాఠీలు పక్కకు జరిగాయి. దాటాక కూడా ద్వారకాబాయి ఆ చేయి తీయలేదు.

ఆవుల గోడ కనబడింది. పేడ వాసన వచ్చింది. ఇత్తడి అంగడి మూసి ఉంది. ధర్మశాల కావలివాడు వాళ్లను చూసి చిన్న తలుపు తీశాడు. ఇద్దరూ రెండో అంతస్తు ఎక్కారు. గది తలుపు లోపల గడియ వేసి ఉంది. అంటే లోపల మనిషి ఉన్నాడు.

అత్త తట్టింది. మళ్లీ తట్టింది. లోపలి నుంచి సన్నని గొంతు, చిన్నపిల్లవాడి గొంతులా, "కౌన్?" అంది.

"నేను," అంది అత్త.

గడియ తీయడానికి చాలాసేపు పట్టింది. మామ కోటు విప్పేసి ఉన్నాడు. పక్కబట్టలన్నీ తలుపుకు అడ్డంగా పేర్చి ఉన్నాయి. ఆయన మధ్యాహ్నమే, గొడవ మొదలైన అరగంటకే గది చేరుకున్నాడని తర్వాత కావలివాడు చెప్పాడు. అప్పటి నుంచి తలుపు తీయలేదు. అత్తను చూసి ఏడ్చాడు. ఆమెను లోపలికి లాక్కుని, "జనం మనల్ని ఎడదీసినారే! ఎంత ఎతికినానో!" అన్నాడు.

"అవును," అంది అత్త.

అని వెనక్కు తిరిగింది, ద్వారకాబాయిని లోపలికి పిలిచి నీళ్లన్నా ఇద్దామని. మామ ముఖాన్నీ, ఆ పక్కబట్టల కుప్పనూ చూస్తూ ఆమె గుమ్మం అవతలే నిలబడి ఉంది. మామకు కనిపించింది గోచీ చీర. మధ్యాహ్నం తన టోపీ లాగినవాళ్ల మనిషి. ఒక్క ఉదుటున తలుపు మూసి గడియ బిగించాడు.

"తీయండి. ఆయమ్మే నన్ను కాపాడింది. తీయండి," అంది అత్త.

"అరవొద్దు. అరిస్తే ఇంకా మంది వస్తారు."

మెట్ల మీద పాదాల చప్పుడు ఆగి ఆగి కిందికి దిగిపోయింది. అత్త కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మసక వెలుతురులో ఆవుల గోడ పక్కన ఒంటరిగా ఒక ఆడమనిషి, చెంగు తలమీదికి లాక్కుని, దాదాపు పరుగులాంటి నడకతో పోతోంది. మలుపు తిరిగాక కనిపించలేదు. కొంచెంసేపటికి ఎక్కడో గుడ్డ చించిన చప్పుడయింది. అత్త ఆ కిటికీ దగ్గరే కూలబడింది.

మరో నాలుగు రోజులు వాళ్లు గది దాటలేదు. అయిదో రోజు దళారీ వాళ్లను రైలు ఎక్కించాడు.

ఆదోనికి వచ్చాక మామ కథ పెద్దదయింది. జనం వేలకు వేలు, ఆయన చేయి విడవకుండా పెనుగులాడడం, చివరకు ఏనుగులాంటివాడు ఒకడు మధ్యలో పడి చీల్చడం. వినేవాళ్లు అత్త వైపు చూస్తే ఆమె తల ఊపేది. కానీ కొన్ని మార్పులు వచ్చాయి. మామ సాయంత్రమే ఇంటికి వచ్చి తలుపులన్నీ తానే వేసి, రెండుసార్లు చూసుకునేవాడు. మండీలో గొంతు అలాగే ఉండేది, ఇంట్లో మాత్రం తగ్గింది. అత్త ఇంటి తలుపు ఎవరు తట్టినా పరిగెత్తి తీసేది. బిచ్చగాడయినా సరే. ఎవరో ఏమిటో అడగకుండా తీస్తున్నావని మామ తల్లి తిట్టినా మానలేదు.

యాభై ఎనిమిదిలో ఇద్దరూ మంత్రాలయం పోయారు. తుంగభద్రలో స్నానం చేసి, మెట్ల మీద బట్టలు ఆరేసుకుని కూర్చున్నారు. ఆ వేళప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరు. మామ నీళ్ల వైపు చూస్తూ అడిగాడట.

"బొంబాయిలో, ఆ దినం... నువ్వు నా మొహం సూసినావా?"

తల ఊపి ఊపి అలవాటైన మనిషి. ఆ రోజు ఊపలేదు. "సూసినాను," అంది.

మళ్లీ అత్తే అంది: "చెయ్యి ఇడిసినందుకు నాకేం లేదు. నాకూ అంతే బయముండె, నేనైనా ఇడిసిందునో ఏమో. ఆయమ్మ మొహం మింద తలుపేస్తిరి సూడు. అది మాత్రం నాకు పోలేదు. ఆయమ్మ ఇల్లు సేరిందో లేదో. ఆయమ్మ మొగుడు వచ్చినాడో లేదో. కన్ను మూస్తే ఆ మెట్ల సప్పుడే."

తిరుగు బస్సులో మామ ఆమె పక్కన కూర్చోలేదు, వెనక సీటులో కూర్చున్నాడు. ఆదోని వచ్చేదాకా కిటికీలోంచి చేలను చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత ఆయన నోట బొంబాయి కథ ఎవరూ వినలేదు. ఎవరైనా అడిగినా "ఏముందప్పా, గలాటా" అని లేచిపోయేవాడు.

నెల తిరగకముందే ఆయన, అత్త ఎప్పుడో చెప్పిన గుర్తులతో, బొంబాయి దళారీకి ఉత్తరం రాశాడు. గిర్గాం వీధిలో, కిందంతా అంగళ్లు, పైన చెక్క వసారా ఉండే ఇల్లు, ద్వారకాబాయి అనే ఆమె, భర్త అచ్చాఫీసులో పని, అత్తగారు మంచంలో. ఎలాగైనా విచారించి, ఆ దంపతులు క్షేమంగా ఉన్నదీ లేనిదీ తెలపమని. అత్తకు చెప్పకుండా రాశాడు. జవాబు రాకపోతే మళ్లీ రాశాడు. మూడో ఉత్తరానికి కార్డు వచ్చింది. అప్పుడు ఆమెను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాడు. గిర్గాంలో అలాంటి ఇళ్లు వందలున్నాయనీ, వీధికి ఇద్దరు ద్వారకాబాయిలు ఉన్నారనీ, ఇంటి నెంబరు పంపితే విచారిస్తాననీ దళారీ రాశాడు.

"నెంబరు జ్ఞాపకముందా?" అని అడిగాడు మామ.

"నాకు అంకెలు యాడ వస్తాయి?" అంది అత్త.

ఆయన కార్డు మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. వీధిలో పత్తి బండ్లు పోతున్నాయి. తర్వాత అత్త లేచి, పొయ్యి మీద ఎసరు మరుగుతోందని లోపలికి వెళ్లింది.